కొండక్క చూపించిన త్వరణం

కుందవరం రాజు పృథుకీర్తికి కొత్త మాట ఏది దొరికినా నాలుగు రోజులు వదిలేవాడు కాదు. ఈసారి ఆస్థాన పండితుడి నోట 'త్వరణం' అన్న మాట విన్నాడు. ఇక చూడండి, వడ్డనలో త్వరణం లేదని వంటవాళ్లను కసిరాడు. వీపు గోకే సేవకుడికీ త్వరణం చాల్లేదన్నాడు.

అదే అదనుగా రథాధ్యక్షుడు భైరవుడు మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"ప్రభూ, వంటశాలకు మజ్జిగ తెచ్చే కొండక్క ఎడ్లబండి నా రథానికి అడ్డొస్తోంది. ఆ నత్తబండిని కోటవీధిలోకి రానివ్వకండి."

"రేపు ఇద్దరూ నన్ను ఎక్కించుకోండి," అన్నాడు రాజు. "ఎవరి బండిలో త్వరణం ఎక్కువుంటే వీధి వాళ్లది."

కబురు కొండక్కకు అందింది. చుట్టుదారిన వస్తే మజ్జిగ పులిసిపోతుంది. నేరుగా పండితుడి దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, త్వరణమంటే వేగమేనా?"

"కాదమ్మా. వేగం ఎంత త్వరగా మారుతోందన్నది త్వరణం. పెరిగినా, తగ్గినా, దిక్కు మారినా సరే. ఏ మార్పూ లేకపోతే గాలిలా పోయినా త్వరణం సున్నా."

కొండక్క నవ్వుకుంటూ ఇంటిదారి పట్టింది.

మర్నాడు రాజు రథమెక్కగానే, కొండక్క నిండు మజ్జిగ ముంత ఒకటి ఆయన ఒళ్లో పెట్టింది. "కాస్త పట్టుకోండి ప్రభూ. త్వరణం ఎంతో ఇదే చెబుతుంది."

రాజుగారి పట్టుబట్టలు చూసి భైరవుడికి భయం పట్టుకుంది. మెల్లగా కదిలించి, మెల్లగా వేగం పెంచి, ఆపైన గుర్రాలను ఒకే తీరున తిన్నగా పరుగెత్తించాడు. మెల్లగానే ఆపాడు. చుక్క ఒలకలేదు. ఛాతీ విరుచుకుని దిగాడు.

రాజు ముంతతో సహా ఎడ్లబండిలోకి మారాడు. కొండక్క ఎడ్ల తోకలు మెలిపెట్టింది. బండి ఎగిరి దూకింది. నాలుగడుగులకే పగ్గాలు బిగించి ఆపింది. గిర్రున కుడికి తిప్పింది. మళ్లీ అదిలించింది, మళ్లీ ఆపింది. రాజు వెనక్కి పడ్డాడు, ముందుకు తూలాడు, పక్కకు ఒరిగాడు. ముంత ఖాళీ అయింది. కిరీటం మీద మజ్జిగ, మీసం మీద కరివేపాకు.

"ఇరవై బారలైనా పోలేదు ప్రభూ," అని భైరవుడు పగలబడి నవ్వాడు.

రాజు కళ్లెర్రజేశాడు. "ఇదా నీ త్వరణం?"

కొండక్క చేతులు కట్టుకుంది.

"భైరవయ్యగారు తమరికి వేగం చూపించారు ప్రభూ. నేను మార్పు చూపించాను. ఒలికిన మజ్జిగంతా త్వరణమే."

రాజు పండితుడి వైపు తిరిగాడు. ఆయన నవ్వాపుకోలేక తలూపాడు. రాజు మీసం మీది కరివేపాకు తీసి నమిలాడు, ఒక్కసారిగా ఫక్కున నవ్వాడు. వీధి వీధంతా నవ్వింది.

"వీధి నీదే కొండక్కా," అంటూ మెడలో హారం తీసి ఇచ్చాడు. "ఇదీ నీదే. ఒక్కటే షరతు. ఇకమీదట నన్ను మాత్రం బండెక్కించకు."