ముల్లు పది దాటేదాకా

నూకరత్నానికి చేతినిండా పనితనం ఉంది, ఓపికే లేదు. అదే ఆ పిల్ల బాధ.

వలలు అల్లే ఇంట్లో పుట్టింది. కాకినాడ రేవు దగ్గర కోల్డ్ స్టోరేజీ మిషన్లు బాగుచేసే ఖాదర్ ఉస్తాద్ దగ్గర ఆరేళ్లు పని నేర్చుకుంది. ఆమె స్పానరు పట్టిందంటే మగ మెకానిక్కులు పక్కకి జరిగేవారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

వినండి. ఆ ఏడు వైశాఖంలో దొరబాబు గారు తన రొయ్యల గిడ్డంగిలో పాత మిషను పీకించి, కార్బన్ డయాక్సైడ్‌తో నడిచే కొత్త మిషను పెట్టించారు. అదేదో వింత గ్యాసు అనుకునేరు. ఇప్పుడు మీరూ నేనూ వదిలే ఊపిరిలో ఉన్నదే, గోళీసోడాలో బుసబుసమనేదే. పాత గ్యాసు కారితే ఆకాశానికి ఎంత చేటో, ఇది కారితే అందులో వెయ్యో వంతు కూడా లేదు. దేవుడు మన ముక్కులోనే పెట్టిన సరుకు!

రేవంతా నవ్వింది. "సోడా గ్యాసుతో రొయ్యలు నిలవుంటాయా? చలిదేశాల మిషను మన ఎండకి ఆగుతుందా?"

ఉస్తాద్ బోల్టు బిగిస్తూ తలెత్తకుండానే అన్నారు: "చల్లదనానికి పని ఎండలోనే కదయ్యా."

పైపులన్నీ బిగించారు. లోపలి గాలంతా లాగేశారు. ఇక గ్యాసు ఎక్కించడమే మిగిలింది. ఆ పని ఉస్తాద్ నూకరత్నానికి అప్పజెప్పారు.

"ఆడపిల్లతోనా!" అన్నారు దొరబాబు. "సరే. నాలుగింటికి సరుకు లారీ వస్తుంది. అప్పటికి ఈ చిన్న గది మైనస్ పద్దెనిమిదికి దిగకపోతే పాత మిషనే మళ్లీ ఎక్కిస్తాను. ఈ అమ్మాయి ఇక ఈ రేవులో ఏ గేటూ దాటదు."

"దాటుతానండి," అంది నూకరత్నం.

రెండు సిలిండర్లున్నాయి. ఒకటి ఆవిరి ఇస్తుంది, ఒకటి ద్రవం. ఉస్తాద్ ప్రెషర్ గేజీ మీద వేలు పెట్టి చూపించారు. "ముందు ఆవిరి, బేటీ. ముల్లు పది దాటాకే ద్రవం." అంతే. బోర్లించిన రొయ్యల ట్రే మీద కూర్చుని, జేబులోంచి జపమాల తీసి కళ్లు మూసుకున్నారు.

ఆవిరి మెల్లగా ఎక్కుతోంది. ముల్లు ఒకటి దగ్గర. ఒకటిన్నర దగ్గర.

"ఏమ్మా, పొయ్యి మీద పప్పు పెట్టావా?" అన్నారు వెనక నుంచి దొరబాబు. ఎవరో కిసుక్కుమన్నారు.

ఆరేళ్లుగా పాత గ్యాసుని ఖాళీ పైపులోకి నేరుగా ద్రవంగానే పోసింది. ఏమీ కాలేదు. ఆమె చెవులు వేడెక్కాయి. ఓరగా ఉస్తాద్ వైపు చూసింది. కళ్లు మూసే ఉన్నాయి. ఆవిరి కట్టేసి, ద్రవం తిప్పింది.

బుస్సుమంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

పైపు మీద తెల్లగా మంచు పేరుకుంది. ముల్లు మూడు దగ్గర నిలబడిపోయింది. ఈ గ్యాసు గుణం అది నాయనా. ఖాళీ పైపులో ద్రవంగా దూకించామా, దూకినచోటే రాయైపోతుంది.

"మంట తెండి! కాల్చండి!" అన్నారు దొరబాబు. ఎవరో బ్లోల్యాంపు తెచ్చారు. తప్పు బయటపడకుండా పోవాలంటే అదొక్కటే దారి. నూకరత్నం చెయ్యి దానివైపు వెళ్లింది.

ఉస్తాద్ లేచారు. గ్యాసు బయటికి పోయేలా షట్టర్లు రెండూ బార్లా తెరిచారు. సిలిండరు కట్టేసి, పక్కకి నిలబడి, దాన్నుంచి పైపుకి వెళ్లే గొట్టం బిగింపు రవ్వంత సడలించారు. బుసంతా ఆగేదాకా ఆగి, గొట్టం ఊడదీసి తట్టారు. పటికబెల్లం పలుకులాంటి తెల్లటి ముక్క తువ్వాల్లో పడింది. దాన్ని తెచ్చి దొరబాబు బల్ల మీద పెట్టారు. పక్కనే బ్లోల్యాంపు లైటరు పెట్టారు.

"కరిగించు," అన్నారు నూకరత్నంతో.

ఆమె ముక్కవైపే చూసింది. అది కరగడం లేదు. చుక్క నీరు కారడం లేదు. తెల్లటి పొగ బల్ల అంచు దాకా పాకి నేలకి జారుతోంది. ముక్క చిన్నదవుతోంది, తనకి ఎంత పట్టాలో అంత సేపూ తీసుకుని. చివరికి బల్ల మీద ఏమీ లేదు. తడి కూడా లేదు.

"నా షెడ్డులో నాకే తమాషాలా సాయిబు గారూ?" దొరబాబు లేచారు. "ఇలా ఇవ్వండి, నేనే కాలుస్తాను!"

లైటరు అప్పటికే నూకరత్నం చొక్కా జేబులో ఉంది.

"కాల్చనివ్వనండి. దారి మూసుకుపోయిన పైపది. మంట పెడితే లోపలున్నది ఎటు పోతుంది? మన మీదకే."

"అసలు దారి మూసిందెవరు?"

తల దించుతుందనుకున్నాం. దించలేదండీ!

"నేనే. ఉస్తాద్ చెప్పారు, నేను వినలేదు. నేను మూశాను, నేనే తెరుస్తాను. గంట పడుతుంది. గంటంటే గంటే."

గంటా పట్టింది. పైపు మీది తెలుపు దానంతటదే పోయింది. మళ్లీ ఆవిరితో మొదలుపెట్టింది. దొరబాబు వాచీ చూసుకుంటూ తిరుగుతున్నారు.

"తొమ్మిదైంది, చాలదా?"

"పది దాటాలండి."

ముల్లు పది దాటింది. అప్పుడు ద్రవం తిప్పింది. మిషను పాట అందుకుంది.

నాలుగింటికి లారీ హారను కొట్టింది. గది మైనస్ పన్నెండులో ఉంది.

"తలుపు తియ్యి," అన్నారు దొరబాబు.

నూకరత్నం తలుపుకి వీపు ఆనించి నిలబడింది. "లారీకి దాని మిషను దానికుంది. ఇంకో అరగంట ఆగుతుంది. పద్దెనిమిది రానిదే తియ్యను."

"ఇది నా గది అమ్మాయ్!"

"గది మీదేనండి. రొయ్యలూ మీవే. మిషను మాత్రం ఈ పూటకి నా చేతిలో ఉంది."

దొరబాబు ఉస్తాద్ కోసం చుట్టూ చూశారు. ఆయన కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, టోపీ పెట్టుకుని, సాయంత్రపు అసర్ నమాజుకి గేటువైపు నడుస్తున్నారు.

"ఎక్కడికి సాయిబు గారూ? ఇక్కడ చూసేదెవరు?"

ఉస్తాద్ వెనక్కి తిరగలేదు.

"చూసే మనిషి నిలబడే ఉంది కదయ్యా."