ఆగిన సారె

మూడేళ్లుగా వైద్యం నేర్చుకుంటున్న సోమలింగానికి నాడి పట్టడం బాగా వచ్చింది. దాంతోపాటు కాస్త గర్వమూ వచ్చింది.

ఆ ఉదయం గురువు చెన్నమల్లయ్య వెంట కుమ్మరి నారప్ప ఇంటికి వెళ్లాడు. నారప్ప భార్య ఓబుళమ్మ చాప మీద పడుకుని, దాని అంచుల్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉంది. తల కదిపితే చాలు, ఇల్లు గిర్రున తిరుగుతోందట. ఒక చెవిలో హోరట. నాలుగు రోజులుగా లేవలేదు.

సోమలింగం నాడి చూశాడు, కళ్లు చూశాడు. "జ్వరం లేదు, నొప్పి లేదు. పని తప్పించుకోవడానికి నటిస్తోంది స్వామీ," అన్నాడు. గురువు చెవిలో చెబుతున్నాననుకున్నాడు గానీ అందరికీ వినబడింది.

"నటన కాదయ్యా, గాలి సోకింది," అన్నాడు నారప్ప. "మధ్యాహ్నం భూతవైద్యుడొస్తాడు. వేపమండలు కోసి ఉంచమన్నాడు. నాలుగు తగిలిస్తే దిగిపోతుందంట."

"కొట్టనీలే," అంది ఓబుళమ్మ కళ్లు తెరవకుండానే. "ఈ తిరగడం ఆగితే చాలు."

చెన్నమల్లయ్య లేచాడు. బక్కపలచని శిష్యుణ్ని కుమ్మరి సారె మీద కూర్చోబెట్టి, కండువాతో కళ్లకు గంతలు కట్టి, నారప్పకు సైగ చేశాడు. సారె తిరిగింది. చాలాసేపు తిరిగింది.

"చాలు నారప్పా," అన్నాడు సోమలింగం. "మళ్లీ ఇటువైపు తిప్పుతావేం?"

"నేనెక్కడ తిప్పుతున్నానయ్యా?" నారప్ప గొంతు గుమ్మం దగ్గర్నుంచి వినిపించింది. "సారె ఎప్పుడో ఆగింది."

"అబద్ధాలాడకు. పడిపోయేలా ఉన్నాను."

"నటిస్తున్నావా?" అన్నాడు చెన్నమల్లయ్య.

గంతలు విప్పాడు. సారె కదలడం లేదు. గోడలు కదులుతున్నాయి. సోమలింగం తన చేతుల వంక చూసుకున్నాడు. అవి సారె అంచుల్ని పట్టుకుని ఉన్నాయి, అచ్చం ఓబుళమ్మ చాపను పట్టుకున్నట్టే.

అతను దిగాక, గురువు ఒక మూకుడులో నీళ్లు పోసి, పైన చిటికెడు ఊక చల్లాడు. సారె మీద పెట్టి తిప్పి, చేత్తో ఆపాడు. మూకుడు ఆగింది. నీళ్లు ఆగలేదు. ఊక గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

"చెవి లోపల ఇలాంటి నీళ్లున్నాయి నాయనా, చినుకంత. మనల్ని నిలబెట్టేవి అవే. ఆమెవి కలతపడ్డాయి."

పుట్టినప్పటినుంచీ తను మోస్తున్న ఆ చినుకు ఉందని ఇన్నాళ్లూ సోమలింగానికే తెలియదు. మెల్లగా చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

నారప్ప ఆ ఊక నిలిచేదాకా చూశాడు. తర్వాత లేచి, వేపమండలు తీసుకెళ్లి మేకకు వేశాడు.

సోమలింగం చాప పక్కన కూర్చున్నాడు. "కాస్త తల ఎత్తుతానమ్మా," అని, కింద దిండు సర్ది, ఆమె తలను రెండు చేతులతో, ఒక్క చుక్కా ఒలకనివ్వకూడదన్నట్టు, దాని మీద దించాడు.