ఎరుకబండ మీద ఇంటిదారి ఆట

అనగా అనగా, చెట్లకు మనుషులింకా పేర్లు పెట్టని కాలంలో, ఒక కోన ఉండేది. ఆ కోనకు రాజు ఒక ముసలి ఎలుగుబంటి. పులి ఉండగా ఎలుగు రాజేమిటని అడగకండర్రా! పులికి కోపమెక్కువ, వినే ఓపిక తక్కువ. వినే ఓపిక ఉన్నవాణ్ణే ఆ కోనవాళ్ళు రాజును చేసుకున్నారు. తెలివైన జంతువులు మరి.

కోన నడుమ ఒక పెద్ద బండ. నున్నగా, వెడల్పుగా, పడుకున్న ఏనుగు వీపులా ఉండేది. దాని పేరు ఎరుకబండ. కోనలో ఎవరికి ఏది తెలిసినా దాని మీద రాయాల్సిందే. ఏ పుట్టగొడుగు తింటే కడుపునొప్పి, ఏ మడుగులో మొసలి ఉంది, నేరేడు ఎప్పుడు పండుతుంది, అన్నీ అక్కడే. ముక్కున్నవాళ్ళు ముక్కుతో, గోరున్నవాళ్ళు గోరుతో, జాజు అద్దుకుని రాసేవారు. జాజంటే ఎర్రమట్టేనర్రా, అరుగులకు అలుకుతారే, అదే. ఎవరైనా రాయొచ్చు. తప్పుంటే ఎవరైనా తుడిచి దిద్దొచ్చు.

అయితే జాజు వానకు నిలవదు. అందుకని ఏటా తొలకరి ముందర ఎలుగురాజు బండ దగ్గర కూర్చునేవాడు. ఒక్కొక్క రాతా చదివించుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాడు.

"ఎవరన్నారు?"

అన్నవాళ్ళు ముందుకొచ్చి "నేనే అన్నాను" అనాలి. అంటే రాజు తన చేత్తోనే ఆ రాత మీద తుమ్మబంక పూసేవాడు. బంక పూసిన రాత ఎన్ని వానలకైనా చెక్కుచెదరదు. పూయని రాత తొలిజల్లుకే ఎర్రనీళ్ళై కారిపోతుంది. ఆ రోజుల్లో రాజుగారి పంజాకు ఎప్పుడు చూసినా ఆకులూ ఈకలూ అంటుకునే ఉండేవి. ఒకసారి మంత్రి కుందేలే అంటుకుపోయింది. అది వేరే కథ, ఇప్పుడొద్దు.

సరే, ఆ కోనలో పోగులవ్వ అని ఒక ముసలి సాలీడు ఉండేది. రెండు మద్దిచెట్ల నడుమ పెద్ద వల అల్లి, దాని నిండా మిణుగురుల్ని కూర్చోబెట్టి, ఒక ఆట కట్టింది. ఆడేవాళ్ళు కింద వేలాడే దారాలు లాగాలి. దారం లాగితే ఒక మిణుగురు ఆరి దాని పక్కది వెలుగుతుంది. చూసేవాళ్ళకు అచ్చం ఒక వెలుగుపిట్టపిల్ల గెంతినట్టే ఉంటుంది. మీరు ఫోన్లలో ఆడతారు చూడండి, అమ్మ అన్నానికి పిలిచినా వినపడకుండా, అలాంటిదే అనుకోండి.

ఆ పిట్టపిల్ల గాలివానలో దారి తప్పింది. కొమ్మా కొమ్మా దాటించి దాన్ని గూటికి చేర్చాలి. అందుకే ఆటకు ఇంటిదారి అని పేరు. తీరా కష్టపడి గూటికి చేర్చాక చూస్తే, గూడు ఖాళీ. అమ్మ ఉండదు. వెలుగులన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. ఆట అయిపోతుంది.

ఇంకేముంది! కోన రెండు ముక్కలైంది. ఒక పక్క "ఆహా" అనేవాళ్ళు, వాళ్ళకు పెద్ద నెమలి నీలాంబరం. ఇంకో పక్క "ఛీ" అనేవాళ్ళు, వాళ్ళకు పెద్ద కొండముచ్చు గవరయ్య.

"గెలుపు లేని ఆట కూడా ఒక ఆటేనా?" అని వీళ్ళు.

"గుండె కరగని బతుకు కూడా ఒక బతుకేనా?" అని వాళ్ళు.

ఎరుకబండ మీద నెమలి పక్షం "లోకంలో ఇంతకు మించిన ఆట లేదు" అని రాసి పోతే, కొండముచ్చు పక్షం వచ్చి అది చెరిపి "ఇంతకు మించిన చెత్త లేదు" అని రాసేది. చెరపడం, రాయడం, చెరపడం. బండకే రాపిడి పుట్టింది. చివరికి ఒకనాడు మద్దిచెట్ల కిందే కొట్లాట మొదలైంది. తోకలు పట్టుకుని లాక్కున్నారు, ఈకలు పీక్కున్నారు. ఆ లాగుడులో వల చిరిగి పీలికలైంది.

పోగులవ్వ ఒక్క మాట తిట్టలేదు. మిణుగురుల్ని పోగు చేసుకుని కొండ నెర్రెలోకి ఎక్కిపోయింది. పోతూ పోతూ ఇలా అంది.

"బండంతా చదివాను నాయనలారా. పొగడ్త ఉంది, తిట్టు ఉంది. నా ఆట ఎక్కడా లేదు. ఆ ఆట ఏమిటో రాసి, దానికి రాజు బంక పూసిన నాడు దిగొస్తాను. తొలకరి దాకా చూస్తాను. లేదంటే కొండ దాటి పోతాను."

అందరూ "పోతే పోయింది" అన్నారు. ఒక్కరు తప్ప.

ఆ ఒక్కరి పేరు నూకాలు. గోరింక. కిందటేడు ఈదురుగాలికి నూకాలు పిల్లవాడు గూట్లోంచి ఎగిరిపోయాడు. అప్పటికి వాడికి రెక్కలు సగమే వచ్చాయి. బుజ్జులూ బుజ్జులూ అని కోనంతా పిలిచింది. కోన తిరిగి అదే మాట వినిపించింది గాని, వాడు పలకలేదు.

ఇంటిదారి ఆట వచ్చాక నూకాలు రోజూ సందెవేళ వచ్చి దారం ముక్కున కరుచుకునేది. ఆ వెలుగుపిట్ట తూలితే "చూసి నాన్నా, మెల్లగా" అనేది. ఆట ముగిసి వెలుగులు ఆరినప్పుడు అందరూ ఉసూరుమంటే, నూకాలు మాత్రం తనలో తాను అనుకునేది: 'ఇక్కడ నేనున్నాను, వాడు లేడు. అక్కడ వాడున్నాడు, నేను లేను.' అని మళ్ళీ మర్నాడు వచ్చేది.

వల చిరిగిపోయాక కూడా రావడం మానలేదు. రెండు మద్దిచెట్ల నడుమ ఖాళీకేసి చూస్తూ కూర్చునేది.

"అక్కడేముందే నూకాలూ?" అనేది దారినపోయే ఉడుత.

"ఏం లేదు."

"ఏం లేనిచోట ఏం చూస్తున్నావే?"

"ఆ లేకపోవడాన్నే చూస్తున్నా, వదినా."

ఎండలు ముదిరాయి. పడమటి కొండ మీద మబ్బు మొలిచింది. ఎలుగురాజు బంకబుర్ర పట్టుకుని బండ దగ్గర కూర్చున్నాడు. పుట్టగొడుగులయ్యాయి, మొసళ్ళయ్యాయి, ఇంటిదారి ఆట వంతు వచ్చింది.

ముందు నెమలి పురి విప్పుకుని వచ్చింది. "ఈ ఆట అద్భుతం, అమోఘం, అపూర్వం" అని చదివింది.

"ఎవరన్నారు?" అన్నాడు రాజు.

"అనడమెందుకు ప్రభూ, చూస్తే తెలియడం లేదూ!"

"నాకు చూపు మందం నాయనా. పక్కకు జరుగు."

తరువాత కొండముచ్చు పక్షం తోసుకొచ్చింది. "ఈ ఆట చెత్త, దండగ, కోనకు పట్టిన చీడ" అని చదివింది.

"ఎవరన్నారు?"

వాళ్ళు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. గవరయ్య తోక గోక్కుంటూ "మావాళ్ళే ఎవరో అన్నారు దొరా" అన్నాడు.

"ఆ ఎవరో వచ్చాక రండి."

మూడోసారి రామచిలక చక్కెరయ్య వచ్చాడు. ఇటువాళ్ళతో విందు, అటువాళ్ళతో వియ్యం, అలాంటివాడు. గొంతు సవరించుకుని "ఈ ఆట కొంత మంచిది, కొంత చెడ్డది. కొందరికి నచ్చును, కొందరికి నచ్చదు" అని చదివాడు.

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు మహారాజా!"

"అందరూ ఎక్కడుంటారు నాయనా? ఏ చెట్టు మీద? పిలుచుకురా."

చక్కెరయ్య మెల్లగా వెనక్కి జరిగాడు. రాజు బంకబుర్ర మీద మూత పెట్టబోయాడు. అప్పుడు నూకాలు బండ మీద వాలింది.

"దొరా, నేను రాస్తాను. వాన పడేదాకా గడువివ్వండి."

రాజు మబ్బుకేసి చూశాడు. "గడువు నా చేతిలో లేదు తల్లీ, దాని చేతిలో ఉంది. రాయి."

నూకాలు జాజు అద్దుకుంది. మనసులో ఉన్నదంతా ముక్కులోకి వచ్చేసింది. 'ఇది ఆట కాదు, తల్లి ప్రాణం. దీన్ని కాదన్నవాడికి గుండె లేదు' అని రాసేసింది. రాసి, వెనక్కి జరిగి చదువుకుంది. రాజు అడగకముందే తనే అడుక్కుంది, ఎవరన్నారని. 'నేనన్నాను. ఎందుకన్నాను? నా బుజ్జులు లేడు గనక. అయితే ఇందులో ఉన్నది నేను. ఆట ఏదీ?'

ఎంత చక్కగా కుదిరిందర్రా ఆ మాట! అయినా రెక్కతో చెరిపేసింది. మనమైతే చెరుపుతామా?

చెరిపి, ఉడుత దగ్గరికి వెళ్ళింది. ఆ ఆట అందరికంటే ఎక్కువ ఆడింది ఉడుతే. "వదినా, మొదటినుంచి చెప్పు. ఏ దారం లాగితే ఏమవుతుంది?" ఉడుత గెంతుతూ దారంతా చెప్పింది. నూకాలు విన్నది విన్నట్టు రాసింది.

అక్కణ్ణుంచి నెమలి దగ్గరికి వెళ్ళింది. "నీలాంబరం బావా, నువ్వు అద్భుతం అన్నావు గదా. ఏ చోట అద్భుతం? నీ పేరు పెట్టి రాస్తాను."

నెమలి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నూకాలూ, నీ దగ్గర దాపరికమేముంది. నేను మొదటి మలుపు దాటలేదే. ఈకలు దారాలకు తగులుకున్నాయి. కానీ ఆ వెలుగులు చూశావూ, నీలం మీద పసుపు, అది మాత్రం నిజంగా బాగుంది."

"అయితే అంతే రాస్తా."

"మొదటి మలుపు సంగతి కూడానా?"

"కూడా."

నెమలి పురి ముడుచుకుంది. "సరే, కానీ."

ఇక మిగిలింది గవరయ్య. వల చిరిగిన నాడు ఆ వల పీలిక గవరయ్య చేతిలో ఉండడం నూకాలు కళ్ళారా చూసింది. అక్కడికి పోవడానికి రెక్కలు రాలేదు. అయినా పోయింది.

"ఓహో, నూకాలమ్మా! నెమలిగారి భజన బృందం అలిసిపోయిందా, నిన్ను పంపారు?" అన్నాడు గవరయ్య కొమ్మ మీంచి.

"నన్నెవరూ పంపలేదు మామా. నీకు ఆ ఆట ఎందుకు గిట్టదో నీ నోటితో విందామని వచ్చాను."

"చెత్త గనక గిట్టదు."

"అలాగే. కొండముచ్చు గవరయ్య చెత్త అన్నాడు, అని రాస్తాను."

గవరయ్య తోక ఆడడం ఆగింది. "నా పేరు పెట్టా? ఉండు ఉండు. బంక పూస్తే అది మా ముని మనవల దాకా ఉండిపోతుంది గదా." కాసేపు ఆకు నమిలాడు. తరువాత కొమ్మ దిగి దగ్గర కూర్చున్నాడు. గొంతు మారింది.

"మా మనవరాలు ఆడింది నూకాలూ. పాలు మరవని పిల్ల. గూటిదాకా నడిపించుకుపోయింది, చప్పట్లు కొట్టుకుంటూ. అక్కడ అమ్మ లేదు. ఆ రోజునుంచి వాళ్ళమ్మ నీళ్ళకు కదిలితే చాలు, తోక పట్టుకుని వేలాడుతుంది. 'వస్తావా, మళ్ళీ వస్తావా' అని. నాకు కడుపు మండిపోయింది. ఎవరూ ఎందుకని అడగలేదు. అందరూ గుండె లేదన్నారు."

నూకాలు, నా బుజ్జులు కూడా, అని చెప్పబోయి మింగేసింది. తను వినడానికి వచ్చింది. ఆ మాటల్ని గవరయ్య గొంతుతోనే, ఒక్కటీ పోకుండా, తిరిగి పలికింది. గోరింకలకు ఆ విద్య ఉంది గదా.

గవరయ్య తన మాట తనే విని తల దించుకున్నాడు. "అంతే. అదే. చెత్త అన్నది తీసెయ్. చిన్నపిల్లలకు తగదు అని రాయి. దాని కింద నా పేరు పెట్టు, ఎంత పెద్దగానైనా."

నూకాలు వెళ్ళి రాసింది. అన్నిటి చివర తన మాట కూడా ఒక్క వరుస రాసింది, మిగతా వరుసల కంటే పెద్దదీ కాదు, చిన్నదీ కాదు.

ఉరిమింది. రాజు చదివించుకున్నాడు. ఆట దారి చదివితే "నేనే అన్నాను" అని ఉడుత ఎగిరింది. మొదటి మలుపు సంగతికి కోనంతా గొల్లున నవ్వింది. నెమలి కాళ్ళకేసి చూసుకుంటూ "నేనే" అంది. మనవరాలి సంగతికి నవ్వులు ఆగిపోయాయి. "నేనే అన్నాను. ఇప్పుడూ అంటున్నాను" అన్నాడు గవరయ్య.

చివరి వరుస: "గూడు ఖాళీ అని తెలిసీ మళ్ళీ మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది."

"ఎవరన్నారు?" అన్నాడు రాజు, మెల్లగా.

"నేను దొరా."

తొలిచుక్క రాజు ముక్కు మీద పడేసరికి బంక పూత పూర్తయింది. ఆ వాన అట్టాంటి ఇట్టాంటి వాన కాదు. అద్భుతాలూ చీడలూ అన్నీ ఎర్రటి కాలువలై పారిపోయాయి. నూకాలు రాసింది మాత్రం తడిసి మెరుస్తూ నిలిచింది.

వాన వెలిశాక పోగులవ్వ దిగొచ్చింది. రాతంతా ఒక్కొక్క కాలే కదుపుతూ చదివింది. గవరయ్య వరుస దగ్గర చాలాసేపు ఆగింది. "ఆయనది నిజమే. ముసలిదాన్ని, పసిపిల్లల సంగతి నాకు తట్టలేదు" అంది. మళ్ళీ వల అల్లింది. చివరి మలుపు ముందర ఒక కొత్త దారి కట్టింది. పసిపిల్లలు ఆడితే వెలుగుపిట్ట అక్కడినుంచి వెలుగుచేపల మడుగుకు మళ్ళుతుంది. గవరయ్య మనవరాలు ఆ చేపల్ని చూసి కిచకిచలాడింది.

అందరూ వెళ్ళాక పోగులవ్వ నూకాలు పక్కకు వచ్చి అడిగింది.

"నీ వరుసా చదివానే అమ్మా. ఆ గూట్లో ఒక పెద్ద మిణుగురుని పెట్టనా? తల్లి గోరింకలా కనిపిస్తుంది. వాడు వచ్చేసరికి నువ్వు ఉంటావు."

నూకాలు వలకేసి చూసింది. చూసి చూసి తల అడ్డంగా ఊపింది.

"వద్దవ్వా. నేను గూట్లో కూర్చుంటే, దారి పొడుగునా వాణ్ణి నడిపించుకొచ్చేదెవరు?"

అని దారం ముక్కున కరుచుకుంది. ఒక మిణుగురు ఆరింది, పక్కది వెలిగింది. "చూసి నాన్నా, మెల్లగా" అంది. వెనక కొమ్మ మీద గవరయ్య చప్పుడు చెయ్యకుండా కూర్చుని, వాడు ఎక్కడ తూలతాడోనని చూస్తున్నాడు.

కనుక పిల్లలూ, మన ప్రాణమంత ముద్దైన సంగతిని చెప్పేటప్పుడు కూడా, అది గిట్టనివాడి మాటను వాడి నోట విన్నది విన్నట్టు చెప్పినవారి మాటే నలుగురిలో నిలుస్తుంది.