కూచనకు పట్టిన తర్కం

చిలకలకోనను ఏలే కొమ్మభూపతికి ఒకనాడు మీసం దువ్వుకుంటూ ఉండగా సంస్కృతం నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. ఒట్టి సంస్కృతమైతే పొరుగురాజుకీ వచ్చు. అందుకని దానితోపాటు తర్కశాస్త్రం కూడా పట్టేద్దామనుకున్నాడు. ఒంటరిగా చదివితే నిద్రొస్తుందని హాస్యగాడు కూచనను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నేనేం పాపం చేశాను ప్రభూ?" అన్నాడు కూచన.

"ఇన్నాళ్లూ నన్ను నవ్వించావుగా. ఇప్పుడు నాతోపాటు ఏడువు."

గురువు గోవర్ధన సోమయాజి. తర్కంలో తనను మించినవాడు పుట్టలేదని ఆయన నమ్మకం. పుట్టినా నోరు తెరవనిచ్చేవాడు కాదు.

పొద్దున శబ్దాలు, మధ్యాహ్నం తర్కం. పొద్దున రామః రామౌ రామాః. మధ్యాహ్నం, "కొండమీద నిప్పుంది, పొగ వస్తోంది కనుక."

రోజూ అదే కొండ, అదే పొగ. కూచన ఓపిక పట్టలేకపోయాడు.

"ఎన్నాళ్లని చూస్తూ కూర్చుంటాం గురువుగారూ? ఎవరినైనా పంపి ఆర్పించకూడదూ?"

"నీ తలలో ఉన్నది మెదడు కాదోయ్, జావ!" అన్నాడు సోమయాజి.

రాజుకు మాత్రం తర్కం తలకెక్కింది. ఎంత ఎక్కిందంటే, సభలో ఎవరేం విన్నవించుకున్నా అయిదు అంగాల వాక్యంలోనే చెప్పాలని చాటింపు వేయించాడు. ముందు సంగతి చెప్పాలి, అది ప్రతిజ్ఞ. తర్వాత దానికి హేతువు. తర్వాత అందరికీ తెలిసిన ఉదాహరణ. ఆ ఉదాహరణను మన సంగతికి అతికించాలి. చివర మొదటిమాటే మళ్లీ చెప్పాలి. తప్పొప్పులు చూసేది సోమయాజి. ఒక్క అంగం తప్పినా విన్నపం చెల్లదు.

మర్నాడే పోలమ్మ అనే రైతు పరుగెత్తుకొచ్చింది. "దొరా! పట్టపుటేనుగు నా చెరకుతోటలో పడింది!"

"ప్రతిజ్ఞ అయింది. హేతువేదీ?" అన్నాడు సోమయాజి.

"మావటి తాగి పడుకున్నాడయ్యా."

"అది ఏనుగు రావడానికి కారణం. ఏనుగు ఉందనడానికి హేతువు చెప్పు."

"నా కళ్లతో చూశానయ్యా!"

"చూస్తే అది ప్రత్యక్షం. ఇక్కడ మాకు కావలసింది అనుమానం."

"నాకేం అనుమానం లేదయ్యా, అది ఏనుగే!"

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. సోమయాజి నవ్వలేదు. తర్కంలో అనుమానమంటే సందేహం కాదనీ, గుర్తును బట్టి తెలుసుకోవడమనీ ఆమెకు మొదటినుంచీ విడమరిచి చెప్పడం మొదలెట్టాడు. ఆయన చెప్పడం ముగిసేసరికి ఏనుగు తినడం కూడా ముగిసింది. పోలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

కూచనకు కడుపు మండింది. "ఆ ఏనుగుకి కూడా కాస్త తర్కం చెప్పాల్సింది గురువుగారూ. హేతువు దొరికేదాకా నోరు కట్టుకునేది," అన్నాడు.

సోమయాజికి ఒళ్లు మండింది. "ప్రభూ! వీడికి చదువుమీద గౌరవం లేదు. రేపు నిండుసభలో సంస్కృతంలో అయిదంగాలూ తప్పు లేకుండా చెప్పమనండి. చెప్పలేకపోతే కొలువు మానుకోమనండి."

రాజు సరేనన్నాడు. కొలువు పోతే కూచనకు చేతనైన పని మరొకటి లేదు. అయినా ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు పరీక్ష చూద్దామని సభ కిక్కిరిసింది. సోమయాజి పట్టు ఉత్తరీయం కప్పుకుని ఎత్తుపీట మీద కూర్చున్నాడు. దాని కొంగు వెనకాల నేలమీద జీరాడుతోంది. కూచన వంగి గురువుగారికి నమస్కారం చేస్తూ, పక్కనున్న సాంబ్రాణి ధూపం మూకుడును కాలి బొటనవేలితో మెల్లిగా ఆ కొంగు దగ్గరికి జరిపాడు.

"ఊఁ, కానీ," అన్నాడు సోమయాజి.

కూచన కాసేపు దగ్గాడు, గొంతు సవరించుకున్నాడు, ఇష్టదైవాన్ని తలచుకున్నాడు. మూకుడు పని మూకుడు చేస్తోంది.

"ఉత్తరీయం వహ్నిమాన్," అన్నాడు చివరికి. ఉత్తరీయం నిప్పు కలది అని.

"ఛీ! ఉత్తరీయం నపుంసకలింగం. వహ్నిమాన్ ఏమిటోయ్? వహ్నిమత్ అనాలి!"

"క్షమించాలి. ఉత్తరీయం వహ్నిమత్."

"హేతువు?"

"ధూమాత్. పొగ వస్తోంది కనుక."

రాజుకు పొగ కనిపించింది. "గురువుగారూ..." అంటూ లేవబోయాడు.

సోమయాజి చెయ్యెత్తి ఆపాడు. "మధ్యలో మాట్లాడకూడదు ప్రభూ! శాస్త్రం ఒప్పుకోదు. ఊఁ, ఉదాహరణ?"

"ఎక్కడెక్కడ పొగ ఉంటే అక్కడక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లోలాగ. ఈ ఉత్తరీయం కూడా అలాగే పొగ కలది. కనుక..." అన్నాడు కూచన, అంతా సంస్కృతంలోనే.

"ఆగాగు! ఏ ఉత్తరీయం? ఎవరిది? అది చెప్పకుండా ఎక్కడికా పరుగు?"

కూచన చేతులు కట్టుకున్నాడు.

"తమరు కప్పుకున్నదే గురువుగారూ."

సోమయాజికి అప్పుడు వీపు చురుక్కుమంది. పీటమీంచి ఎగిరి దూకాడు. "అమ్మో! నిప్పు! నీళ్లు! ఎవరక్కడ, నీళ్లు!"

నీళ్లచెంబు ఉన్నది కూచన దగ్గరే, ముందే తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. దాన్ని చేతిలోకి తీసుకుని, తొణక్కుండా అడిగాడు.

"ప్రతిజ్ఞ బాగుంది. హేతువు?"

"హేతువు నీ మొహం! పొయ్యవయ్యా నాయనా!"

కూచన చెంబెడు నీళ్లూ గురువుగారి వీపున కుమ్మరించాడు. కొంగు తప్ప మరేమీ కాలలేదు. సభ విరగబడి నవ్వింది. రాజు సింహాసనం చెయ్యి పట్టుకుని, కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వాడు. నవ్వు సగంలో పోలమ్మ మొహం గుర్తొచ్చినట్టుంది, ఠక్కున ఆగిపోయాడు.

"చాటింపు రద్దు. పోలమ్మ నష్టం ఖజానా భరిస్తుంది. ఇక ఎవరి కష్టం వాళ్లకొచ్చిన భాషలో చెప్పుకోవచ్చు," అన్నాడు. తర్వాత మెడలోని ముత్యాలహారం తీసి కూచన మెడలో వేశాడు.

"ఇది ఎందుకు ప్రభూ?" అన్నాడు కూచన వినయంగా.

"హేతువు అడిగావంటే వెనక్కి తీసుకుంటాను!"