తడి దుప్పటి

నాగావళి ఒడ్డున పెద్దస్వామి ఆశ్రమంలో దిక్కులేని ముసలివాళ్ళు ఇరవై ఇద్దరు ఉండేవారు. వాళ్ళ కోసం కడుతున్న కొత్త భవనానికి శ్లాబు పడింది. ఏ గది దేనికన్నది తేల్చే భారం శిష్యుడు సోమశేఖరం మీద పడింది. అన్నీ కుదిరాయి గానీ బట్టలు ఉతికే గది ఒక్కటే ఎక్కడా కుదరలేదు.

మంచం దిగలేనివాళ్ళ పక్కగుడ్డలు రోజూ ఉతకాలి. పోయిన వానాకాలం అవి సరిగా ఆరక ముసలివాళ్ళ వీపులు పుండ్లు పడ్డాయి. ఒకాయన వారం రోజులు బోర్లా పడుకునే గంజి తాగాడు. అది కళ్ళారా చూసినప్పటి నుంచి సోమశేఖరానికి మనసు మనసులో లేదు. ప్లాను కాగితం మీద గీసిందే చెరిపి, చెరిపిందే గీస్తున్నాడు.

వంటింటి పక్కనంటే మసి. ముందువైపంటే వచ్చేపోయేవాళ్ళ కంటపడుతుంది. చివరికి ఉత్తరాన, మెట్ల వెనక, ఎవరికీ కనబడని మూలగది ఖాయం చేశాడు. మర్నాడే మేస్త్రి వచ్చి కుళాయి గొట్టాలు వేస్తాడు.

గుడ్డలు ఉతికే నూకాలమ్మ కాగితం మీదికి వంగి చూసింది.

"ఇదేటి బాబూ?"

"నీ గది, నూకాలమ్మా. కుళాయీ బండా అన్నీ లోపలే. వానొచ్చినా నువ్వు తడవవు."

"నాను తడవను, సరే. మరి గుడ్డలారేదెక్కడ?"

"లోపలే దండేలు కడతాం."

"కాగితం మీదైతే ఆరిపోతాయిలే బాబూ!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

సోమశేఖరం కాగితం పట్టుకుని స్వామిని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయన పాత బావి దగ్గర, ఉతుకుడు బండ మీద కూర్చుని ఉన్నారు.

పద్దెనిమిదేళ్ళ వయసులో సోమశేఖరం ఇక్కడికి వచ్చినప్పుడు శిష్యులంతా పొద్దున్నే ఆ బండ చుట్టూ చేరేవారు. సబ్బుకు బదులు వాడే చవుడు మట్టి వాసన, గుడ్డల చప్పుడు, మధ్య మధ్య స్వామి పాట. దుప్పట్లు పిండేటప్పుడు రెండో కొస ఎప్పుడూ స్వామి చేతిలోనే ఉండేది. ఆరేయడానికి ఏటి ఇసుక ఉండేది. ఉతకడానికి ఒక గది కావాలని అప్పుడెవరికీ తోచనే లేదు. ఆ శిష్యులంతా ఇప్పుడు తలో ఊళ్ళో ఉన్నారు.

"స్వామీ, ఒక్కసారి ఈ కాగితం చూడండి. నేను తప్పు చేస్తే మళ్ళీ వాళ్ళ వీపులే పుండ్లవుతాయి."

స్వామి కాగితం అందుకోలేదు. బకెట్లోంచి తడి దుప్పటి ఒకటి లాగి, ఒక కొస అతని చేతికిచ్చారు.

"పట్టు."

ఇద్దరూ చెరోవైపు మెలితిప్పారు. స్వామి చేతుల్లో అప్పటి బలం లేదు. సగం నీళ్ళు దుప్పట్లోనే ఉండిపోయాయి. ఆ బరువంతా శిష్యుడి భుజాన వేసి, "కొత్త భవనంలో ఎక్కడైనా ఆరేసి రా" అన్నారు.

సోమశేఖరం తిన్నగా మెట్ల వెనక గదికి వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నమైనా లోపల చీకటి. గోడ మీద చెయ్యి పెడితే చెమ్మ తగిలింది. గాలి ఆడడం లేదు. వీపు మీదుగా చల్లగా నీళ్ళు కారుతున్నాయి. అక్కడ ఆరేయడానికి చేతులు రాలేదు.

వసారా వెంట నడిచాడు. ఒక గదిలో కాళ్ళు వాటంతటవే ఆగాయి. తూర్పునా దక్షిణానా పెద్ద కిటికీలు. నేలంతా ఎండ. ఏటి మీంచి గాలి. మేస్త్రి వదిలేసిన వెదురు గడ మీద దుప్పటి పరిచాడు. కాసేపటికి దాన్లోంచి సన్నగా ఆవిరి లేచింది.

అప్పుడు గుమ్మం పక్కన గోడ మీదికి చూపు పోయింది. తను బొగ్గుతో రాసిన అక్షరాలే. స్వామివారి ధ్యానం గది.

చేతికర్ర చప్పుడైంది. స్వామి గుమ్మంలోకి వచ్చారు.

"ఆరుతుందా?"

"ఆరుతుంది స్వామీ. కానీ ఇది మీ గది. మొత్తం భవనంలో మంచి గదని, అన్నిటికంటే ముందు మీకే తీసిపెట్టాను."

స్వామి దుప్పటి అంచు అందుకుని, ఆ తడితో గోడ మీది అక్షరాలు నెమ్మదిగా తుడిచేశారు.

సోమశేఖరం మెట్ల వైపు చూశాడు.

"అయితే ఆ చీకటి గదిలో మీరు కూర్చుంటారా?"

"ఎలాగూ కళ్ళు మూసుకునే కదా నాయనా కూర్చునేది" అన్నారు స్వామి.