కెమెరా వైపు గోడ

మా కోదండపాణి సారుకు ఒక అలవాటు ఉంది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పరు, "చూద్దాం" అంటారు. అది దాటవేసే మాట కాదనీ, నిజంగానే ఏదో ఒకటి చూపించేదాకా ఆయన ఊరుకోరనీ తెలుసుకోవడానికి మాకు ఏడాది పట్టింది. జానపద కళల మీద పరిశోధన చేసే మాకందరికీ ఆయనే గైడు. ఒకరోజు మాలో ఒకతె, వకుళ, ఆయన గదిలోకి గాలివానలా దూసుకువెళ్ళి, నిలబడే అడిగేసింది. "సార్, ఫెలోషిప్పు మీద బతికేవాళ్ళం. మాకు చక్కటి గది, చక్కటి బట్టలు, మనిషికి తనదంటూ ఒక తీరు, ఇవన్నీ ఎలా అమరతాయి సార్? ఆదివారంలోగా చెప్పాలి!" సారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆదివారం నేనూ వస్తాలే. చూద్దాం" అన్నారు.

ఆదివారం అన్న గడువు ఎందుకో చెప్పాలి. వకుళ పరిశోధన తోలుబొమ్మల మీద. ధర్మవరం దగ్గరి పల్లెలో అంజినమ్మ అనే డెబ్భై ఏళ్ళ బొమ్మలాట కళాకారిణి ఉంది. ఆమె మామగారి నాటి బొమ్మల నమూనాలు, తోలు మీద గీసినవి, ఒక కట్టగా ఆమె దగ్గర ఉన్నాయి. అవి దొరికితేనే వకుళ థీసిస్‌లో నాలుగో అధ్యాయం ఉంటుంది, లేకపోతే లేదు. థీసిస్ ఇవ్వడానికి ఆరు నెలలే మిగిలాయి. మూడేళ్ళుగా ఆ ముసలమ్మ చుట్టూ తిరిగినా కట్ట మాత్రం గుమ్మం దాటలేదు. ఇదివరకు ఎవరో చదువుకున్నాయన రెండు నమూనాలు పట్టుకెళ్ళి, చెమ్మకు వంకర్లు పోయాక తెచ్చిచ్చాడట. ఇన్నాళ్ళకు ఆమె మెత్తబడి, "ఆస్పత్రికి అనంతపురం వస్తాండా. నీ ఇల్లు చూస్తా. చూసినాక ఇచ్చేదీ ల్యానిదీ చెప్తా" అంది. వకుళ ఆ రోజు నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. మేమిద్దరం ఒకే మేడ మీద పక్కపక్క గదుల్లో అద్దెకుంటాం కదా, దాని సంబరాలకు మొదట బలయ్యేది నేనే.

నిజం చెప్పాలంటే, గది అలంకరణలో వకుళను మించినవాళ్ళు మా డిపార్ట్‌మెంట్‌లోనే లేరు. టమాటా పెట్టెలకు రంగులేసి పుస్తకాల అరలు చేసింది. మేనత్త ఇచ్చిన చిరిగిన ధర్మవరం చీర కొంగును టేపుతో గోడకు అంటించింది. ఆవకాయ జాడీలో మనీప్లాంటు, మట్టి టీకప్పుల్లో కలాలు, గోనెసంచి మీద తను కుట్టిన నెమలి. ఒక ఆన్‌లైన్ సెమినార్‌లో అధ్యక్షులవారు దాని పేపరును వదిలేసి ఆ గోడనే పది నిమిషాలు మెచ్చుకున్నారు! జూనియర్లు "అక్కా, అవి ఎక్కడ కొన్నావ్?" అని ఫోన్లు చేసేవాళ్ళు. శనివారమంతా వకుళ ఆ గోడకు మరింత మెరుగులు దిద్దింది. సాయంత్రం నాకు వీడియో కాల్ చేసి, "బాగుందా? ఎడంవైపు బరువెక్కువైందా?" అని అడిగింది. నేను పక్కగదిలో మంచం మీద పడుకునే, "బ్రహ్మాండం! ముసలమ్మ కట్టతో పాటు బొమ్మలపెట్టె కూడా ఇచ్చేస్తుంది పో" అన్నాను. నాలుగడుగులు వేసి చూడొచ్చన్న ఆలోచన నాకూ రాలేదు, దానికీ రాలేదు.

ఆదివారం పదిగంటలకు సారు అంజినమ్మను వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చారు. ఆమె చంకలో ఎర్రగుడ్డ చుట్టిన కట్ట ఉంది! నేను నా గదిలోంచి బయటికొచ్చాను, వకుళ లోపల్నుంచి తలుపు బార్లా తీసింది. తీశాక తెలిసింది మా తెలివి. ఆ గదికి తలుపు ఉన్నది అలంకరించిన గోడ పక్కన కాదు, కెమెరా వెనకవైపు, తెరలో ఎప్పుడూ కనబడనిచోట. మూడేళ్ళుగా దాని ఇంటికి వచ్చినవాళ్ళంతా తెరలోంచి వచ్చారు గానీ తలుపులోంచి ఎవరొచ్చారని? మేమిద్దరం కూడా ఎప్పుడూ నా గదిలోనే కూర్చునేవాళ్ళం. అంజినమ్మకు మొదట కనిపించింది తలుపు పక్కన పాత కుర్చీ మీద కొండలా పేరిన బట్టలు. దాని పక్కన ఎంగిలి గ్లాసులు, చుట్టలు పడిన వైర్లు, రెండు బకెట్లు, అడుగు మాడిన కుక్కరు. పైన పటారం, లోన లొటారం అంటారే, సరిగ్గా అదే.

అది చాలదన్నట్టు వకుళ కాళ్ళకు దండం పెట్టడానికి ముందుకొచ్చింది. పైన ఇస్త్రీ చేసిన ఆకుపచ్చ పట్టు కుర్తా, చెవులకు జూకాలు, దిద్దిన బొట్టు. నడుం కింద వెలిసిపోయిన పైజామా, మోకాలి దగ్గర చిరుగు! ఆన్‌లైన్ అలవాటు, నడుందాకా ముస్తాబై అక్కడితో ఆగిపోయింది. అంజినమ్మ దాన్ని పైనించి కిందిదాకా చూసి, పగలబడి నవ్వింది.

"ఏమే పాపా, నిన్ను చేసినోడికి తోలు సగానికే అయిపోయిందా?"

సారు చెప్పులు విప్పుకుంటూ మీసాల్లో నవ్వుకున్నారు. వకుళ వంగి మోకాలి చిరుగును చేత్తో కప్పుకుంది. మూడేళ్ళ తిరుగుడు, నాలుగో అధ్యాయం, అంతా ఆ బట్టల కుప్ప కింద పడిపోయిందనుకుని దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకైతే ఆ వీడియో కాల్ తలుచుకుని నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

కానీ ముసలమ్మ అలిగేరకం కాదు. కుప్పను దాటుకుని గోడ దగ్గరికెళ్ళింది, చీర కొంగును వేళ్ళతో తడిమింది. "అబ్బ! రంగులు ఎంత బాగ కలిపినావే! ఈ నెమలి మెడ సూడు, మా మామ ఉంటే ఎత్తుకపోయి బొమ్మలో పెట్టేటోడు" అంది. ఆ మెచ్చుకోలు నిజమైనదే, గొంతులోనే తెలిసింది. తర్వాత వెనక్కి తిరిగి అడిగింది, "ఇది తెర ముందర. నేనేమో తెర ఎనక నుంచి వస్తి. నువ్వు రోజంతా కూచునేది ఏ పక్క?"

"కంప్యూటర్ ముందు అవ్వా. గోడకు వీపు పెట్టి."

"అంటే ఊరోళ్ళంతా నీ గోడను చూస్తాండారు, నువ్వు ఈ కుప్పను చూస్తాండావు. ఇంత చేసుకొని నీకోసం ఏం పెట్టుకుంటివే పిచ్చిమొగమా?"

వకుళ తిరిగి ఆ కుప్పను చూసుకుంది. అంజినమ్మ అప్పటికే కట్టను పుస్తకాల అర మీద పెట్టి, కొంగు నడుముకు చుట్టేసింది. "తెర ముందర ఎట్లున్నా ఆట నడుస్తాది. ఎనకాల బొమ్మలు వరసన లేకపోతే నడవదు. సీతమ్మ కోసం చెయ్యి చాపితే రావణుడు చేతికొస్తాడు, జనం రాళ్ళేస్తారు. తాడు ఉందా?" ఇంటావిడ గోడకు మేకు కొట్టనివ్వదని వకుళ భయంభయంగా చెప్పింది. "ఊరూరా తిరిగే గుడారపోళ్ళకు గోడలెక్కడివి, మేకులెక్కడివి!" అంటూ కిటికీ కమ్మీ నుంచి వెంటిలేటర్ కమ్మీ దాకా బట్టలారేసే తాడును బిగించి లాగింది. ఆ వయసులో ఆ బలం ఎక్కడిదో గానీ, తాడు టంగుమని మోగింది.

ఇక చూడాలి మా హడావుడి! నేను బట్టలు దులిపి అందిస్తుంటే అంజినమ్మ బొమ్మల్ని తగిలించే పద్ధతిలోనే తగిలించింది. రోజూ చేయి వెళ్ళేవి ముందు, పల్లెలకు తిరిగేటప్పటివి తర్వాత, పండగవి చివర. సారు బకెట్లు మోశారు, కుక్కరు తోమారు, నేను "సార్ సార్" అంటుంటే "నువ్వు నీ పని చూసుకో" అని కసిరారు. మనీప్లాంటు జాడీ గోడను వదిలి వకుళ తలెత్తితే కనిపించేచోటికి వచ్చింది. టమాటా పెట్టెలు రెండు బోర్లాపడి, వచ్చినవాళ్ళు కూర్చునే పీటలయ్యాయి. ఏదీ కొనలేదు, ఏదీ పారెయ్యలేదు. కుప్ప అడుగున ఒక గోధుమరంగు పావడా, దానిమ్మ తొక్కతో వకుళ తనే అద్దుకున్న ఓణీ దొరికాయి. పోయాయనుకుని రెండేళ్ళుగా ఏడుస్తున్నవి! అంజినమ్మ వకుళను నా గదిలోకి తోసింది, కట్టుకుని రమ్మని. వచ్చి అద్దంలో చూసుకుని వకుళ ఒక్క కేక పెట్టింది. "ఒసేయ్, ఇది నేనేనే!" అని నా భుజాలు పట్టుకుని గెంతింది. నేనూ గెంతాను. ఎందుకు గెంతామంటే చెప్పలేను, అంత సంతోషంగా ఉండింది.

ముసలమ్మ ఆ గోలను పట్టించుకోలేదు. తాడు చివర కిటికీకి దూరంగా జానెడు చోటు వదిలిపెట్టి ఉంది. అక్కడ గోడను అరచేత్తో తట్టి చూసింది, చెమ్మ లేదు. నేల నుంచి ఎంత ఎత్తో కంటితో కొలిచింది. అర మీంచి ఎర్రగుడ్డ కట్ట తీసి, రెండు ముడులేసి, నమూనాలు వంగకుండా నిలువుగా తాడుకు తగిలించింది. "ఇది ఈడ ఉంటాదిలే. నీ పని అయినాక తెచ్చిద్దువు" అంది, తన ఇంట్లో చీర ఆరేసినంత మామూలుగా. వకుళ గెంతడం ఆపేసింది. కట్ట వంక చూసింది, ఆమె వంక చూసింది. వెళ్ళి ఆ ముసలామె మెడను కావిలించుకుని బావురుమంది. "అయ్యో, కట్ట తడుస్తాది, దూరం పోయి ఏడువే!" అని అంజినమ్మ దాని వీపు నిమిరింది.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు, ఇంటావిడ గొంతు. "ఏంటా గెంతులు? కింద ఫ్యాను ఊగిపోతోంది. ఏం చేస్తున్నారు పైన?" వకుళ కళ్ళు తుడుచుకోను కూడా లేదు, ఉలిక్కిపడి తలుపు వెయ్యడానికి పరుగెత్తింది. చెయ్యి గడియ మీద పడింది కూడా.

టమాటా పెట్టె మీద కూర్చుని టీ తాగుతున్న సారు గ్లాసు దించకుండానే అన్నారు, "రానియ్యమ్మా. ఇప్పుడు ఎటునుంచి వస్తే ఏం?"