నెమ్మదిగా నడిచిన బండి

ఆచార్య కృపామణి గారు శిష్యులడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళద్దాలు తీసి, చీరచెంగుతో తుడుచుకునేవారు. ఆ సాయంత్రం ప్రయోగశాలలో తవిటినాయుడు అడిగినప్పుడూ అలాగే అద్దాలు తీసి తుడిచారు.

నాయుడు ఒకే ఒక్క పరమాణువు మందమున్న కర్బనపు పొరలతో పనిచేస్తున్నాడు. "మేడం, ఒంటి పొరలో ఎలక్ట్రాన్లు దేని దారిన అది పరుగెడతాయి. దానిమీద అలాంటిదే మరో పొరని రవ్వంత తిప్పి పరిస్తే నెమ్మదిస్తాయి. అప్పుడు ఒకదాన్నొకటి పట్టించుకుంటాయి. ఒక్కోసారి అన్నీ కలిసి ఆగిపోతాయి, ఒక్కోసారి జంటలు కట్టి ఏ అడ్డూ లేనట్టు సాగిపోతాయి. అదే కర్బనం, అవే ఎలక్ట్రాన్లు. ఈ కొత్త గుణం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?"

ఆవిడ తాను ఎమ్మెస్సీ చదివిన రోజుల సంగతి చెప్పుకొచ్చారు. అప్పట్లో విజయనగరం నుంచి విశాఖపట్నానికి రోజూ ప్యాసింజరు బండిలో వెళ్ళి వచ్చేవారు. ఆడవాళ్ళ పెట్టెలో ఎప్పుడూ అవే ముఖాలు: ఆకుకూరల గంపతో సింహాద్రమ్మ, రాత్రి డ్యూటీ ముగించుకుని విశాఖలో ఇంటికెళ్ళే, తెల్లచీర నర్సు కమలాబాయి, ఇంకా కొందరు. ఏడాది దాటినా ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఎవరి కునుకు వాళ్ళది. కళ్ళు తెరిచేసరికి దిగాల్సిన స్టేషను.

ఆ ఏడు తుఫానుకి రైలుకట్ట కోసుకుపోయింది. మరమ్మతులు జరిగినన్నాళ్ళూ బండి మనిషి నడకన సాగింది. ఆ రోజుల్లోనే కృపామణి గారి తండ్రి పోయారు. చదువు మానేసి జనపనార మిల్లులో పనికి చేరుతున్నానని యూనివర్సిటీలో చెప్పి రావడానికి ఆవిడ బండెక్కారు. కిటికీ వైపు తిరిగి ఏడుస్తుంటే, సింహాద్రమ్మ గంప పక్కకి జరిపి దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఏటయినాది తల్లీ?"

చెప్పుకోవడానికి దారి పొడుగునా సమయముంది. అంతా విన్న కమలాబాయి, "విశాఖలో మా క్వార్టర్లో ఓ గది ఖాళీగానే ఉంది. నేను రాత్రి డ్యూటీకెళితే పిల్లలు బెంగపడుతున్నారు. పరీక్షలయ్యేదాకా మాతోనే తిని, మాతోనే ఉండు" అంది.

"మీ యమ్మతో నాను మాటాడతాను" అంది సింహాద్రమ్మ.

బండి విశాఖ చేరేసరికి ఆ సంగతి తేలిపోయింది. కృపామణి గారు చదువు మానలేదు.

పరీక్షలయ్యాక మళ్ళీ అదే బండెక్కారు. కట్ట బాగయింది, బండి పరుగు మీదుంది. సింహాద్రమ్మ ఆప్యాయంగా నవ్వి, చోటిచ్చి, కళ్ళు మూసుకుంది. ఆ పెట్టెలో అలాంటి మాటలు మళ్ళీ వినలేదని చెప్పారావిడ.

నాయుడు మెల్లగా అడిగాడు. "అయితే మేడం, ఆ దయ వాళ్ళలో ముందునుంచీ ఉన్నట్టేనా?"

"ఉండే ఉంటుంది నాయుడూ" అన్నారు కృపామణి గారు. "ఆ వేగంలో ఎవరికి తెలుస్తుంది?"